యంత్రం వచ్చింది సరే, పాఠం ఎవరిది?

ప్రతి విద్యాసంవత్సరారంభంలోనూ కళాశాలల పాలకవర్గాల ముందుకు ఒక ప్రశ్న వస్తున్నది. ఈ ఏడు ఏ పరికరం కొనాలి? ప్రొజెక్టరా, స్మార్ట్ బోర్డా, ట్యాబులా, కంప్యూటర్లా? ధరల పట్టికలు వస్తాయి. కంపెనీల ప్రతినిధులు వస్తారు. తెర మీద రంగుల్లో గుండె కొట్టుకొంటుంది, గ్రహాలు గిర్రున తిరుగుతాయి. చూచినవారందరూ బాగున్నదంటారు. నిజమే, బాగుంటుంది. అయితే ఆ ప్రశ్న కంటే ముందు అడుగవలసిన ప్రశ్న మరొకటి ఉన్నదని మా అభిప్రాయం. ఆ తెర మీది పాఠం ఎవరు తయారు చేసినది? ఏ భాషలో ఉన్నది? దానిలో తప్పు దొర్లితే దిద్దే అధికారం ఎవరికి ఉన్నది? ఉర్దూ, తెలుగు భాషలను రెండు కన్నులుగా భావించే మనవంటి విద్యాసంస్థకు ఈ ప్రశ్న మరింత ముఖ్యమైనది.

యంత్రాన్ని ద్వేషించేవారి పక్షాన మేము మాట్లాడడం లేదు. కణవిభజనను సుద్దముక్కతో గీచి చూపడానికీ, కదిలే బొమ్మగా చూపడానికీ గల తేడా బోధించేవారికీ తెలుసు, వినేవారికీ తెలుసు. కాని మన రాష్ట్రంలో తరగతి గదికి యంత్రం రావడం ఇది మొదటిసారి కాదు. గడచిన యాభై ఏళ్లలో కనీసం మూడుసార్లు వచ్చింది. ఆ మూడు అనుభవాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే, మనం చేయవలసిన పని ఏమిటో తేటపడుతుంది.

మొదటిది 1975 ఆగస్టు 1న మొదలైన 'సైట్' అనే ఉపగ్రహ టెలివిజన్ బోధనా ప్రయోగం. అమెరికా అంతరిక్ష సంస్థ నాసాకు చెందిన ఏ.టి.ఎస్.-6 ఉపగ్రహాన్ని ఏడాదిపాటు మన దేశం వాడుకొన్నది. ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాలలో సుమారు 2,400 గ్రామాలకు టీవీ పెట్టెలు చేరాయి. ఉదయం గంటన్నరసేపు బడిపిల్లలకు, సాయంకాలం పెద్దలకు కార్యక్రమాలు ప్రసారమయ్యాయి. మారుమూల పల్లెలో ఆకాశం నుండి తెలుగులో విజ్ఞానపాఠం దిగిరావడం ఆనాటికి సామాన్య విషయం కాదు. కాని 1976 జూలై 31తో గడువు ముగిసింది. ఉపగ్రహాన్ని ఇచ్చినవారు తిరిగి తీసుకొన్నారు. ప్రయోగం ముగిసిన మరునాడు బడిలో మిగిలింది మళ్లీ పంతులుగారు, నల్లబల్ల.

రెండవది మన ముంగిట జరిగినది. 2022లో ఏర్పడిన తిరుపతి జిల్లాలో నేడు భాగమైన శ్రీహరికోట నుండి 2004 సెప్టెంబరు 20న జి.ఎస్.ఎల్.వి. రాకెట్టు 'ఎడ్యుశాట్' అనే ఉపగ్రహాన్ని మోసుకొని వెళ్లింది. కేవలం విద్య కోసమే మన దేశం నిర్మించుకొన్న మొదటి ఉపగ్రహం అది. ఈసారి అరువు సొమ్ము కాదు, సొంతం. అయినా ఉపగ్రహానికి ఆయుర్దాయం ఉన్నది. 2010లో దాని సేవ ముగిసింది. దూరపు కేంద్రంలో ఒక అధ్యాపకుడు మాట్లాడుతుంటే వందల గదులలో పిల్లలు వినే పద్ధతిలో, ఆ గదులలో నిలబడిన అధ్యాపకులు కూడ శ్రోతలే అయినారు.

మూడవది మన కళ్లముందు జరిగినదే. 2022 డిసెంబరు 21న రాష్ట్ర ప్రభుత్వం ప్రభుత్వ పాఠశాలల 8వ తరగతి విద్యార్థులకు, వారి ఉపాధ్యాయులకు కలిపి 5 లక్షలకు పైగా ట్యాబుల పంపిణీ ప్రారంభించింది. వాటిలోని పాఠాలు బైజూస్ సంస్థవి. పేద ఇంటి బిడ్డ చేతికి అంత విలువైన వస్తువు రావడం సంతోషింపదగినదే. అయితే ఆ పాఠాలకు కర్త తరగతి గదిలోని ఉపాధ్యాయుడు కాదు. వాటిలో ఒక వాక్యం మార్చాలన్నా, ఊరి ఉదాహరణ ఒకటి చేర్చాలన్నా ఆయనకు సాధ్యం కాదు. 2024 జూలైలో ఆ సంస్థ మీద దివాలా విచారణ ప్రక్రియ మొదలైంది. సంస్థలు లేస్తాయి, పడతాయి. అది వ్యాపార ధర్మం. పిల్లల పాఠం వ్యాపారపు ఎగుడుదిగుళ్లకు కట్టుబడి ఉండడం మాత్రం విద్యాధర్మం కాదు.

పరాయి దేశంలోనూ ఇదే అనుభవం. దక్షిణ అమెరికాలోని పెరూ దేశం పల్లెబడులలో బిడ్డకొక ల్యాప్‌టాప్ చొప్పున పంచిపెట్టింది. 2012లో వెలువడిన ఒక అధ్యయనం, కంప్యూటర్ వాడకం పెరిగినదే గాని లెక్కలలోనూ భాషలోనూ పిల్లల చదువు మెరుగుపడిన ఆధారం కనిపించలేదని తేల్చింది. పెట్టె చేరినంత మాత్రాన పాఠం చేరదు.

మరి చేరే మార్గం ఏమిటి? దూరం పోనక్కరలేదు. పాత చిత్తూరు జిల్లాలో, మదనపల్లె సమీపాన, జిడ్డు కృష్ణమూర్తి స్థాపించిన రిషివ్యాలీ విద్యాసంస్థ ఉన్నది. దాని చుట్టుపక్కల పల్లెల పిల్లల కోసం 1980ల చివరి నుండి ఒక బోధనాపద్ధతి అక్కడ రూపుదిద్దుకొన్నది. పాఠ్యపుస్తకాన్ని చిన్న చిన్న అట్టలుగా విడగొట్టారు. ఒక్కొక్క అట్ట మీద ఒక్కొక్క మెట్టు. బిడ్డ తన శక్తిని బట్టి ఒక మెట్టు ముగించి మరొక మెట్టు ఎక్కుతుంది. ఒకే గదిలో నాలుగు తరగతుల పిల్లలు, ఒకే ఉపాధ్యాయుడు ఉన్నా పాఠం ఆగదు. ఊరి కథలు, ఊరి పాటలు, ఊరి మాటలు ఆ అట్టల మీదికి ఎక్కాయి. కరెంటు అక్కరలేని ఆ సాధనాన్ని చూచి నేర్చుకొని కర్ణాటకవారు మైసూరు జిల్లాలో 1995లో 'నలి-కలి' ప్రారంభించారు. తరువాత మద్రాసు నగర పాఠశాలలు, ఆపైన తమిళనాడు ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలు ఆ బాట పట్టాయి. ఉపగ్రహాలు చేయలేని పనిని అట్టముక్కలు చేశాయి. కారణం ఒక్కటే. వాటిని తయారు చేసినది పిల్లల మధ్య కూర్చున్న ఉపాధ్యాయులు. తప్పనిపించిన అట్టను మరునాడే మార్చుకోగల స్వేచ్ఛ వారికి ఉండినది.

ఇది కంప్యూటర్ వద్దనడానికి చెప్పిన ఉదాహరణ అని ఎవరైనా భావిస్తే, ఈ జిల్లాలోనే పుట్టిన మరొక ఉదాహరణ చెబుతాము. శ్రీకాళహస్తి ప్రాంతంలోని కాటూరు గ్రామంలో 1937లో జన్మించిన దబ్బాల రాజగోపాల రెడ్డిని ప్రపంచం రాజ్ రెడ్డి అని పిలుస్తున్నది. గిండీ ఇంజనీరింగ్ కళాశాలలో చదివి, అమెరికాలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడై, మనిషి మాటను యంత్రానికి అర్థం చేయించే శాస్త్రంలో ఆయన మార్గదర్శకుడైనాడు. కంప్యూటర్ శాస్త్రంలో అత్యున్నతమైన ట్యూరింగ్ పురస్కారం 1994లో ఆయనను వరించింది. ఆ పురస్కారం అందుకొన్న తొలి ఆసియావాసి ఆయన. అటువంటివాడు ఈ శతాబ్ది మొదట్లో తలపెట్టిన పని ఏది? పది లక్షల పుస్తకాలను కంప్యూటర్‌లోకి ఎక్కించి అందరికీ ఉచితంగా అందించడం. అందులో భాగంగా తిరుపతిలోనూ దేవస్థానం వారి ఆధ్వర్యంలో గ్రంథాలను స్కాన్ చేశారు. 2007 నాటికి మొత్తం 15 లక్షలకు పైగా పుస్తకాలు సిద్ధమైనాయి; వాటిలో సుమారు 50,000 తెలుగువి. 'డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా' సొంత చిరునామా తరువాత మూతపడినా, ప్రతులు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో నేటికీ దొరుకుతున్నాయి. మన పుస్తకాన్ని మనమే యంత్రంలో పెట్టుకొంటే అది ఎట్లా నిలుస్తుందో చెప్పడానికి ఇంతకంటె సాక్ష్యం అక్కరలేదు.

ఇక భాష సంగతి. మన విద్యార్థి స్థితి విచిత్రమైనది. ఇంటిలో దక్కనీ మాట్లాడతాడు. 'నక్కో', 'హౌ', 'కైకు' అన్నవి అతని అమ్మ మాటలు. మదర్సాలో ఉర్దూ అక్షరాలు దిద్దుతాడు. వీధిలో 'యాడికి పోతా ఉండావు' అనే చిత్తూరు తెలుగు. పుస్తకంలో గ్రాంథికపు వాసన గల తెలుగు. తెర మీద ఇంగ్లీషు. ఆకు ఎండలో ఆహారం తయారు చేసుకొనే క్రియను తెలుగు పుస్తకం 'కిరణజన్య సంయోగక్రియ' అంటుంది. ఉర్దూ పుస్తకం 'జియాయీ తాలీఫ్' అంటుంది. తెర 'ఫోటోసింథసిస్' అంటుంది. మూడింటి వెనుక ఉన్నది ఒకే ఆకు అని చెప్పగలవాడు ఆ గదిలో నిలబడి, ఆ మూడు భాషలూ తెలిసిన అధ్యాపకుడు మాత్రమే. ఏ నగరంలోనో తయారైన వీడియో ఈ పని చేయదు. చేయవలసిన అవసరమున్నదని దానికి తెలియదు.

శాస్త్రాన్ని మన భాషలలో చెప్పలేమనేవారికి మన చరిత్రే సమాధానం. 1917లో హైదరాబాదులో ఏర్పడిన దారుల్ తర్జుమా ఉస్మానియా విశ్వవిద్యాలయం కోసం శాస్త్రగ్రంథాలను ఉర్దూలోకి తెచ్చింది, వందలు వేలుగా పారిభాషిక పదాలను సృష్టించింది. 1968లో స్థాపితమైన తెలుగు అకాడమి కళాశాల పుస్తకాలను తెలుగులో అందించింది. 1998లో మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం, 2016లో కర్నూలులో డాక్టర్ అబ్దుల్ హక్ ఉర్దూ విశ్వవిద్యాలయం వెలిశాయి. 2022లో ఉర్దూ మన రాష్ట్రానికి రెండవ అధికార భాష అయినది. పదాలున్నాయి, సంస్థలున్నాయి, చట్టమున్నది. తరగతి గది తెర మీద మాత్రం ఆ భాష కనిపించడం లేదు.

లిపి విషయం మరింత ఆలోచింపదగినది. ఉర్దూ నస్తాలీఖ్ వంపులు అచ్చు యంత్రానికి చాలాకాలం లొంగలేదు. కాతిబులు చేతితో వ్రాసినదే రాతి అచ్చులోకి పోయేది. మనకు సమీపాన మద్రాసులో 1927లో స్థాపితమైన 'ముసల్మాన్' పత్రిక దశాబ్దాల తరబడి చేతివ్రాతతోనే వెలువడింది. 1981లో నూరీ నస్తాలీఖ్ వచ్చిన తరువాతనే ఉర్దూ పత్రికలకు కంప్యూటర్ కూర్పు సాధ్యమైనది. 1991లో వెలువడిన యూనికోడ్ తొలి ప్రమాణంలో తెలుగుకూ, ఉర్దూ వ్రాసే అరబీ లిపికీ స్థానం దొరికింది. అంటే యంత్రం మన లిపులను నేర్చుకొని ముప్పై ఏళ్లు దాటింది. యంత్రంలో మన లిపులను వ్రాయడం మాత్రం మనమే నేర్చుకోలేదు. ఫోనులో ఉర్దూనూ తెలుగునూ ఇంగ్లీషు అక్షరాలతో వ్రాసుకొనే అలవాటు మన విద్యార్థులలో పాతుకొన్నది. నోటితో మాట్లాడగలిగి, చేతితో వ్రాయలేని స్థితి ఒక తరంలో వస్తే, తరువాతి తరానికి ఆ భాష గ్రంథాలన్నీ తాళం వేసిన బీరువాలే. ఆ 50,000 తెలుగు పుస్తకాలు ఎవరి కోసం?

మరొక సంగతి విస్మరించరాదు. అది ఆడపిల్లల సంగతి. 2019-20లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో ఎన్నడైనా ఇంటర్నెట్ వాడిన పురుషులు 48.8 శాతం కాగా స్త్రీలు 21 శాతమే. 2020 మార్చిలో కరోనా వల్ల బడులు మూతపడి పాఠాలు ఫోనులోకి, దూరదర్శన్ సప్తగిరి తెర మీదికి చేరినప్పుడు ఈ తేడా ఎంత కఠినమైనదో ప్రతి ఇంటికీ తెలిసివచ్చింది. ఇంటిలో ఉన్నది ఒక్క ఫోను. పగలు తండ్రి వెంట పనికి పోతుంది, సాయంత్రం అన్న చేతిలో ఉంటుంది. చెల్లెలి వంతు వచ్చేసరికి పాఠమూ ముగుస్తుంది, నెట్టూ ముగుస్తుంది. ఇప్పుడు ఫోనులు పెరిగాయి, నెట్టు చౌకయినది. ఎవరి చేతిలో ఎంతసేపు అన్న లెక్క మాత్రం ఇంటి పెద్దల చేతిలోనే ఉన్నది. 'ఇంటికి వెళ్లి వీడియో చూచి రండి' అని తరగతిలో తేలికగా చెప్పే మాట కొందరికి పాఠం, కొందరికి శిక్ష.

కృత్రిమ మేధ వచ్చిన తరువాత ఈ చర్చ అంతా పాతబడినదని అనేవారున్నారు. 2022 చివర చాట్‌జీపీటీ వచ్చింది. అదే సంవత్సరం కేంద్ర ప్రభుత్వం భారతీయ భాషల అనువాదం కోసం 'భాషిణి'ని ప్రారంభించింది. నేడు విద్యార్థి తెలుగులో అడిగితే యంత్రం తెలుగులోనే బదులు చెబుతున్నది, ఉర్దూలో అడిగితే ఉర్దూలో చెబుతున్నది. ఇది కాటూరు బిడ్డ తొలినాళ్లలో కన్న కలకు దగ్గరగా వచ్చిన సంగతే, మేము ఆనందిస్తున్నాము. కాని అది చెప్పే తప్పు కూడ ఒప్పంత ధీమాగానే ఉంటుంది. ఆ తప్పును పట్టుకొనే జ్ఞానం విద్యార్థికి ముందే ఉండాలి. అది పాఠం వల్ల, ప్రశ్న వల్ల, గురువుతో వాదం వల్ల వస్తుంది. పైగా మన మాటలు యంత్రంలోకి ఎంత తక్కువగా చేరితే, అది మన మాటను అంత తక్కువగా అర్థం చేసుకొంటుంది. దక్కనీ పలుకు, సీమ పలుకు దానికి అందాలంటే వాటిని వ్రాసి, పలికి, భద్రపరచవలసినవారం మనమే.

అభ్యంతరాలు లేకపోలేదు. ఉద్యోగానికి ఇంగ్లీషు కావాలి గదా అంటారు. కావాలి; కాదనము. అర్థమైన విషయాన్ని ఇంగ్లీషులో చెప్పడం నేర్పవచ్చు. అర్థం కానిదాన్ని ఏ భాషలో చెప్పించినా అది కంఠపాఠమే. అన్ని పాఠాలూ యూట్యూబ్‌లో ఉన్నవి, మనం తయారు చేయడమెందుకని మరికొందరంటారు. మంచివి ఉన్నచోట వాడుకొందాము. సంతలో బియ్యం ఉన్నంత మాత్రాన ఇంటిలో వంట అయినట్లు కాదు. ఏరడం, కడగడం, వండడం ఎవరో చేయాలి. అధ్యాపకులకు తీరిక లేదన్న మాట మాత్రం న్యాయమైనది. అందుకే ఈ పనిని వారి నెత్తిన అదనపు భారంగా పెట్టక, బోధనలో భాగంగా లెక్కించి, ఆ మేరకు పీరియడ్లు తగ్గించవలసి ఉన్నది.

కనుక పాలకవర్గం వారికి మా మనవి ఇది. కొత్త పరికరాల కోసం కేటాయించే సొమ్ములో ఒక భాగాన్ని పాఠాల తయారీకి వేరుగా ఉంచండి. ప్రతి శాఖ ఏడాదికి పది కఠినమైన అంశాలను ఎంచుకొని, పది నిమిషాలకు మించని పాఠంగా, ఉర్దూలో ఒకసారి, తెలుగులో ఒకసారి రికార్డు చేయాలి. ఇందుకు గొప్ప స్టూడియో అక్కరలేదు. ఒక ఫోను, ఒక మైకు, చప్పుడు లేని గది చాలు. ఆ పాఠాలు నెట్టు లేనివారికి మెమరీ కార్డులో, పెన్‌డ్రైవ్‌లో అందాలి. కళాశాలలో తయారయ్యే ప్రతి కాగితమూ యూనికోడ్‌లోనే ఉండాలి. ఒక యంత్రంలో కొట్టినది మరొక యంత్రంలో పిచ్చిగీతలుగా మారే పాత ఫాంట్లకు స్వస్తి చెప్పాలి. మొదటి సంవత్సరం విద్యార్థులకు వారానికొక పీరియడ్ ఉర్దూ, తెలుగు టైపు నేర్పాలి. సాయంకాలం రెండు గంటలసేపు కంప్యూటర్ గది విద్యార్థినులకై తెరచి ఉండాలి. వారు ఇల్లు చేరే వేళకు బస్సు దొరికేటట్లు ఆ వేళలను నిర్ణయించాలి.

విద్యార్థినీ విద్యార్థులకూ ఒక మాట. ప్రతి శాఖ విద్యార్థులూ తమ శాస్త్రపదాలను ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషు మూడింటిలో వరుసగా వ్రాసి, ఏడాది చివర ఒక చిన్న పదకోశంగా కూర్చండి. త్వరణం ఏమిటో, దాని ఉర్దూ పేరు 'ఇస్రా' ఏమిటో మీ చేతితో వ్రాసినప్పుడు అవి మీవి అవుతాయి. యంత్రం ఇచ్చిన జవాబును తరగతిలో చదివి, పుస్తకంతో సరిచూచి, ఎక్కడ తప్పినదో చెప్పే పోటీ పెట్టుకోండి. వ్యాసరచన పోటీకంటె అది తక్కువ ఉపయోగకరమైనది కాదు.

రాజ్యాంగం 30వ అధికరణం అల్పసంఖ్యాక వర్గాలకు తమ ఇష్టానుసారం విద్యాసంస్థలు స్థాపించి నిర్వహించుకొనే హక్కు ఇచ్చింది. గోడలు కట్టుకోవడానికి, పేరు పెట్టుకోవడానికి మాత్రమే ఆ హక్కు ఇచ్చారని మేము అనుకోవడం లేదు. ఏమి చెప్పాలి, ఏ భాషలో చెప్పాలి, ఎట్లా చెప్పాలి అని ఆలోచించే బాధ్యత కూడ దానితోనే వచ్చింది. ఈ ఏడు కొనబోయే తెర ఎంత పెద్దదైనా అభ్యంతరం లేదు. వచ్చే ఏడు ఈ సంచిక వెలువడే నాటికి, ఆ తెర మీద మన అధ్యాపకుల గొంతుతో, మన రెండు లిపులలో, కనీసం పది పాఠాలు ఉండాలని కోరుతున్నాము. ఆ పది ఉంటే నూరు కావడానికి ఎంతో కాలం పట్టదు.